గలిజేరు పువ్వులో ఎన్ని పోగులు

పోయిన నెల ఎమ్మిగనూరు ఇంటికి సున్నం వేయించాలని అటక ఖాళీ చేస్తుంటే ఒక బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. అలవాటు కొద్దీ అందులో ఉన్నవాటికి పట్టీ రాశాను. ఒకటి, మా తాత పోగుల అద్దం. రెండు, ఆయన కళ్లజోడు, ఒక కాలు దారంతో కట్టినది. మూడు, అవ్వ వక్కాకు సంచి, ఖాళీ. నాలుగు, నా చేతిరాతతో ఉన్న కాగితం, నాలుగు మడతలు. నిచ్చెన కింద నిలబడిన అమ్మ, "డబ్బా దించప్పా అంటే దానికి పరీక్ష పెడతాండావా?" అంది. నేను అప్పటికే కాగితం విప్పి చూస్తున్నాను. పైన 'నమూనా పరీక్ష' అని రాసి, దాని కింద స్కేలుతో రెండు గీతలు కొట్టి ఉంది. పదిహేడేళ్ల వయసులో నాకు ఒక గీత చాలేది కాదు. కింద గడులు. 'కేసరాలు' అన్న గడిలో నేను 3 అని వేశాను. ఆ 3 పక్కన పెన్సిలుతో, కాగితం అవతలికి అచ్చు పడేటంత గట్టిగా నొక్కి గీసిన రెండు నిలువు గీతలు ఉన్నాయి. అవి నావి కావు. అక్షరం ముక్క రాని మా అవ్వవి. అవి ఎందుకు పడ్డాయో చెప్పాలంటే అద్దం దగ్గర మొదలుపెట్టాలి.

పోగుల అద్దం అంటే మూడు మడతల ఇత్తడి వస్తువు. అగ్గిపెట్టె కన్నా చిన్నది. విప్పితే కింద అంగుళం చదరపు కిటికీ, పైన భూతద్దం నిలబడతాయి. బట్ట మీద పెట్టి, కిటికీలో పడుగు ఎన్ని పోగులు, పేక ఎన్ని పోగులు అని లెక్కపెడతారు. మా తాత నేతగాళ్ల సొసైటీలో బట్ట చూసే పని చేశాడు. నేతగాడు బట్ట తాను తెచ్చి ముందు పరిస్తే, మాటల్లేకుండా అద్దం పెట్టి, చీపురుపుల్లతో ఒక్కో పోగు దాటిస్తూ లెక్కించేవాడు. పని మానేశాక కూడా ఆయన కన్ను ఊరుకోలేదు. స్నానానికి పోతూ తువ్వాలు మీద అద్దం పెట్టి, "ఇది నేసినోడు మధ్యాన్నం నిద్రపోయినాడు" అనేవాడు. జొన్నరొట్టె మీద మచ్చలు లెక్కపెట్టి, ఈ రోజు రొట్టె నిన్నటికన్నా బాగా కాలిందని తీర్పు చెప్పేవాడు. గంజి వాసన, తడి నూలు వాసన ఆ ఇంటి గోడల్లోకి దిగి ఉండేవి. మగ్గం తీసేసిన చాలా ఏళ్లకు కూడా వాన పడితే దాని గుంట ఉన్న మూల నుంచి అవి లేచి వచ్చేవి.

తాత నాకు మూడు సూత్రాలు నేర్పాడు. తానుకు మూడు చోట్ల లెక్కపెట్టు. అంచు దగ్గర లెక్కపెట్టొద్దు. పై మడతను నమ్మొద్దు. మూడోది ఎందుకని అడిగితే, "పై మడత పెండ్లిచూపుల్లో పిల్లోడు మాదిరప్పా. ఆడ ఎవుడైనా బుద్ధిమంతుడే" అన్నాడు. నేను నవ్వి, నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నదంతా తెలిసినదేనని నమ్మే వయసు అది.

తాతకు బట్ట ఎట్లాగో అవ్వకు ఆకుకూర అట్లాగ. తొలకరి పడ్డాక వారానికి రెండుసార్లు గంప చంకన పెట్టుకుని, పక్కింటి హుసేన్‌బీతో ఆదోని రోడ్డు వైపు చేల గట్ల మీదికి పోయేది. ఇద్దరూ ఎవరి గంప వాళ్లు నింపుకుంటూ, ఎవరి కోడళ్ల గురించి వాళ్లు చెప్పుకుంటూ, ఎండ ముదరక ముందే తిరిగి వచ్చేవాళ్లు. అన్ని ఆకుల్లోకి అవ్వకు ఎర్ర గలిజేరు ముఖ్యం. దాని పప్పు తింటే కాళ్ల వాపు తీస్తుందని ఆమె నమ్మకం. ఆదోని డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా వేసుకునేది, కానీ వాపు తగ్గితే పేరు మాత్రం గలిజేరుకే పోయేది.

చిక్కల్లా ఆమె కండ్లతో వచ్చింది. రెండింటికీ పొర కమ్మింది. ఒక పొద్దున పాలగిన్నె అనుకుని గంజిగిన్నె దించి తాతకు కాఫీ కలిపింది. ఆయన సగం తాగి, "కాఫీలో పోగు గట్టిగా ఉండాదే" అన్నాడు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆపరేషన్ చేయించుకో అత్తా అని ఏడాదిగా బతిమాలుతోంది. అవ్వకు ఆ మాట వింటేనే చెమటలు. ఎవరు చెప్పారో గాని, "కన్ను తీసి, కడిగి, మళ్లా పెడతారంట. కడిగేటప్పుడు జారి పడితే ఎవురు ఎతుక్కుంటారు?" అనేది.

అప్పుడు నేను ఆదోనిలో ఇంజినీరింగు డిప్లొమా మొదటి సంవత్సరం. అక్క అక్కడే డిగ్రీలో వృక్షశాస్త్రం. రోజూ ఒకే బస్సులో పోయేవాళ్లం, ఆమె ఒళ్లో ఎండబెట్టిన మొక్కల రికార్డు, నా ఒళ్లో డ్రాయింగు బోర్డు. ఒక సాయంత్రం ఆదోని బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొని పొట్లం ఇంటికి తెచ్చాను. పొట్లం విప్పి తిన్నాం. ఆ రాత్రి భోజనంలో గలిజేరు పప్పు. తెల్లారేసరికి అమ్మకు, నాన్నకు, అక్కకు, నాకు కడుపులు వదులయ్యాయి. పెరట్లోకి వరస కట్టాం. తాతకు నూనె పడదు కాబట్టి బజ్జీ ముట్టలేదు. అవ్వకు పళ్లు లేవు కాబట్టి ఆమె కూడా ముట్టలేదు. పప్పు మాత్రం అందరికన్నా ఎక్కువ తిన్నది వాళ్లిద్దరే. వాళ్లకేమీ కాలేదు. ఈ వివరాలు పట్టీగా రాసుంటే కారణం ఒక్క చూపులో తెలిసేది. ప్రపంచంలో ప్రతిదానికీ పట్టీ రాసే నేను ఆ రోజు రాయలేదు. బజ్జీలు తెచ్చింది నేను కదా.

"అత్తా, ఆకు మారిందేమో సూసుకున్నావా?" అంది అమ్మ, చెంబు పట్టుకునే.

"అరవై ఏండ్లుగా కోస్తాండా. మారేదానికి అదేమన్నా మనిషా?"

"తెల్ల గలిజేరు కలిసిందేమో. అది తింటే కడుపు జాడిస్తాదని నువ్వే కదా సెప్పినావు. నీకు కండ్లు ఆనడంలే."

అవ్వ కాసేపు వక్క నమిలింది. పళ్లు లేకపోయినా నమలడం మానలేదు. "నా గంపలో తప్పుడు ఆకు తేలితే గంప నేనే అటకెక్కిస్తా. మళ్లా గట్టు తొక్కితే అడుగు" అంది.

"అటకెక్కిస్తే సాలదు. ఆస్పత్రికన్నా రావాల, ఇంట్లోనన్నా కూసోవాల."

"తేల్సేదెవురు మరి?"

అమ్మ నా వైపు చూసింది. అవ్వ కూడా నా గొంతు వస్తుందనుకున్న వైపు చూసింది. "ఇంజినీరు ఉండాడు కదా" అంది. ఆ మాటలో వెటకారం ఎంతో నమ్మకం ఎంతో ఇప్పటికీ విడదీయలేను. ఒకటి మాత్రం నాకు అప్పుడు సరిగ్గా తెలియలేదు. అవ్వ పందెం కట్టింది ఆకుకూర మీద కాదు. వారానికి రెండు పొద్దులు ఎవరి చేయీ పట్టుకోకుండా ఇంటి గడప దాటి పోయేది ఆ గంప ఒక్కటి ఉందనే.

మర్నాడు బస్సులో అక్క పాఠం చెప్పింది. "ఆకును నమ్ముకోవద్దురా. రెండింటికీ ఆకులు జతలుగానే వస్తాయి, జతలో ఒకటి పెద్దది ఒకటి చిన్నది. రెండూ నేల మీదే పాకుతాయి. రెండింటి కాడలూ ఎర్రగానే ఉంటాయి. పువ్వు దగ్గరికి పో. పువ్వు అబద్ధం ఆడదు." ఆమె చెప్పింది డ్రాయింగు షీటు వెనక రాసుకున్నాను. తెల్ల గలిజేరుకు పువ్వు ఒంటరి, కాడ ఉండదు, ఆకు చంకలో ఒరలో దూర్చినట్టు సగం దాక్కుని ఉంటుంది, కేసరాలు పదికి పైనే. ఎర్ర గలిజేరుకు పువ్వులు పొడుగాటి సన్న కాడల చివర గుత్తులు, ఒక్కోటి ఆవగింజంత, గులాబీ రంగు గరాటు, కేసరాలు రెండో మూడో. "ఆ గులాబీ రంగుది ఆకర్షణపత్రం అనుకునేవు. కాదు. దానికి ఆకర్షణపత్రాలే లేవు. రక్షకపత్రాలే రంగేసుకుని తిరుగుతాంటాయి" అంది అక్క. ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి, ఎవరి గురించమ్మా అని అడిగాడు.

గంప వచ్చే రోజు కాలేజీ ఎగ్గొట్టి, వరండాలో తెల్ల గుడ్డ పరిచాను. దాని మీద ఎడమ నుంచి కుడికి అద్దం, సూది, చీపురుపుల్ల, గడుల కాగితం, చెక్కిన పెన్సిలు. అవ్వ వచ్చి గంప దించి, చెంగుతో ముఖం తుడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ తలుపు దగ్గర నిలబడింది. తాత తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి పోయాడు. నేను గంపలోంచి ఒక కొమ్మ తీశాను. పైన్నించి. గుత్తులు లేవు. ఆకు చంకలో సూది పెట్టి విప్పితే ఒరలోంచి తెల్లటి చిన్న పువ్వు బయటపడింది. అద్దం పెట్టి, పుల్లతో ఒక్కో కేసరం దాటిస్తూ, తాత గొంతు అనుకరిస్తూ పైకే లెక్కపెట్టాను. పద్నాలుగు. రెండో కొమ్మ కూడా పైన్నించే తీశాను. పదహారు. 'నమూనా: తెల్ల గలిజేరు. ఫలితం: తప్పు' అని రాసి, కింద సంతకం కూడా పెట్టాను.

అవ్వ కొట్లాడుతుందని, నా చెవి పట్టుకుంటుందని సిద్ధంగా ఉన్నాను. ఆమె వేళ్లు గంప పైన ఒకసారి తిరిగి, ఆగి, వెనక్కి వచ్చాయి. "సరే" అంది. ఆకంతా పెరట్లో కుమ్మరించి, గంప కడిగి బోర్లించి, ఆరాక అమ్మ చేతికిచ్చింది. "ఎక్కించమ్మా" అంది.

తరువాతి పది రోజులు మా ఇంట్లో ఉర్లగడ్డ, వంకాయ, మళ్లీ ఉర్లగడ్డ. అవ్వ వరండాలో రోడ్డు చప్పుళ్లు వింటూ కూర్చునేది. పొద్దున్నే హుసేన్‌బీ పిలిస్తే, "మోకాలు నొప్పి మే, నువ్వు పో" అనేది. గెలిచిన అమ్మ కూడా సంతోషంగా లేదు. ఆస్పత్రి మాట ఎత్తలేదు. నేను మాత్రం నా నివేదికను రెండుసార్లు శుభ్రంగా తిరగరాశాను.

పదకొండో రోజు హుసేన్‌బీ పిలవకుండానే లోపలికి వచ్చింది. "మోకాలు నొప్పి అంటాండావు, నిన్న పీట మీద ఎక్కి దీపం ఒత్తి ఎగదోసినావు. ఏందక్కా కత?"

అవ్వ చెప్పలేదు. అమ్మ చెప్పింది, నా కాగితం చూపించి మరీ. హుసేన్‌బీకీ చదువు రాదు. కాగితం తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూసి, "ఆ తెల్లది యాడుండె? గంప పైనా, లోపలా?" అని నన్ను అడిగింది.

"పైన పెద్దమ్మా."

"అరె ఖుదా! అది నేనేసిన పిడికెడు!" అని నుదురు కొట్టుకుంది. "మా ఇంట్లో పప్పులోకి తెల్లదే కదప్పా. ముదురు తీసేసి, లేత ఆకు గిల్లి ఏస్తాం. ఆ రోజు నా గంప నిండిపోయె, అక్కది ఎలితిగా ఉండె. పక్కదాని గంపలో పిడికెడు ఎయ్యకుండా ఇంటికెట్ల వస్తాం?"

గట్ల మీద ఆకు కోసేవాళ్లకు ఆ పద్ధతి ఉందని నాకు అప్పుడే తెలిసింది. గంప ముందు నిండినవాళ్లు రెండోవాళ్ల గంప పైన పిడికెడు వేస్తారు. వేసినవాళ్లు చెప్పరు. వేయించుకున్నవాళ్లు చూడనట్టే ఉంటారు. నేను అవ్వ వైపు తిరిగాను.

"నీకు తెలుసా అవ్వా?"

"సేయి పెడితే తెలీదా? ఇంటికొచ్చినాక ఆ పిడికెడు ఏరి ఎదురింటి మేకకేస్తాంటి."

"మరి ఆ రోజే సెప్పొచ్చు కదా!"

"పిడికెడు పెట్టినోళ్ల పేరు సెప్తారా ఎవురన్నా?" అంది అవ్వ. నేను అడగకూడనిది అడిగినట్టు ముఖం పెట్టింది. హుసేన్‌బీ వైపు తిరిగి, "నువ్వు కూడా సెప్పకూడదు, సెప్తివి. సిగ్గులేనిదానా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

తాత అప్పటిదాకా మూలన పేపరు చదువుతున్నట్టు ఉన్నాడు. పేపరు దించకుండానే, "ఏమప్పా ఇంజినీరూ, పై మడతలోనే లెక్కపెట్టి తాను తిప్పి పంపినావా?" అన్నాడు. నేను డిప్లొమాలో ఆ తరువాత రెండు సబ్జెక్టులు తప్పాను. రెండింటికీ కలిపి ఆ ఒక్క మాటకు పడినంత సిగ్గు పడలేదు. అదే ఊపులో బజ్జీల సంగతి కూడా చెప్పేశాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆదివారం గంప దిగింది. అవ్వా, హుసేన్‌బీ, నేనూ కలిసి పోయాం. తాత పెట్టిన షరతు ఒక్కటే, హుసేన్‌బీ పిడికెడు వేయక ముందే లెక్క ముగించాలి. అవ్వ గట్టు మీద గొంతుకూర్చుని, చేయి నేల మీద చీపురులా తిప్పుతూ, తగిలిన తీగను పట్టుకుని చివరిదాకా వేళ్లు జార్చేది. కొన్నింటిని వదిలేది, కొన్నింటిని తుంచేది. నేను గంప అడుగున, మధ్యన, పక్కన, మూడు చోట్ల నుంచి ఇరవై కొమ్మలు తీసి, రాయి మీద గుడ్డ పరిచి అద్దం పెట్టాను. ఇరవైకి ఇరవై పొడుగాటి కాడలు, గుత్తులు, గులాబీ గరాటులు. అన్నింట్లోకి నిండుగా విచ్చిన ఒక్క పువ్వు ఎంచుకుని లెక్కపెట్టాను. 3. కొత్త కాగితంలో వేశాను. 'ఫలితం: ఒప్పు'.

"ఎట్ల పడతాండావు అవ్వా, కనపడకుండా?"

ఆమె నా చూపుడువేలు పట్టుకుని ఒక పూతకొమ్మ మీద రాసింది. చిన్న చిన్న కాయలు వేలికి అంటుకుని ఊడి వచ్చాయి. విదిలిస్తే పోలేదు. "ఎర్రది సేయి పట్టుకుంటాది. తెల్లది పట్టుకోదు. దీనికి కండ్లెందుకు?" అంది. అక్క రికార్డులో అదే విషయం జిగురు గ్రంథులు గల ఫలం అని, కింద గీతతో ఉంది. అక్క పాఠం చెప్పినప్పుడు పువ్వు దగ్గరే ఆపింది, నేనూ అక్కడే ఆగాను.

అప్పుడు అవ్వ అడిగింది, "ఆ అద్దంలో అంత సేపు ఏం సూస్తాండావురా?"

"పువ్వు లోపల."

"దానికి లోపల కూడా ఉంటాదా?"

అద్దం ఆమె కంటి దగ్గర పెట్టి, ఒక పువ్వును సూది మొనకు తగిలించి పట్టుకున్నాను. ఒక కన్ను మూసింది, రెండోది మూసింది, అద్దం తిప్పింది, ఎండ వైపు పెట్టింది. "పొగ" అంది. "ఏముందో సెప్పు." నేను చెప్పాను, గరాటు ఉందని, రంగు దాని అడుగున ఆకుపచ్చ, పైకి పోయేకొద్దీ గులాబీ అని, లోపలి నుంచి పోగుల మాదిరి మూడు లేచి ఉన్నాయని, వాటి కొసలకు గుండ్రటి తలలు ఉన్నాయని. ఆమె తల ఊపుతూ విన్నది. హుసేన్‌బీ వచ్చి, మాట్లాడకుండా పిడికెడు వేసి పోయింది. అవ్వ చూడనట్టే ఉంది.

ఇంటికి వచ్చి గంప దించుతూనే అమ్మను పిలిచింది. "గెలిచినా. గంప నాదే."

"నీదే అత్తా."

"ఆ ఆపరేషన్‌కు ఎప్పుడు రమ్మన్యారు?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "భయం లేదా?"

"ఉండాది. అరవై ఏండ్లు కోసి తింటి, దాని లోపల సూడలా. వీడు పదిహేడేండ్లకే సూసినాడంట!"

కన్ను తీసి కడగలేదు. ఆ సంగతి చెప్పి కొన్నాళ్లపాటు వీధిలో వాళ్లందరికీ ఆమె ధైర్యం పంచింది. కట్టు విప్పి, చుక్కల మందు వాడకం అయ్యాక, ఒక పొద్దున హుసేన్‌బీతో తెప్పించుకున్న పూతకొమ్మతో వరండాలో కూర్చుని తాతను అద్దం అడిగింది. ఆయన ముప్పై ఏళ్లు నాకు తప్ప ఎవరి చేతికీ ఇవ్వని అద్దాన్ని తువ్వాలు కొసతో తుడిచి ఇచ్చాడు. నేను బస్సుకు పోవాలి. అయినా నిలబడ్డాను. ఆమె చాలా సేపు చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను. నా పెదవుల మీద వినయం కూడా సిద్ధం చేసుకున్నాను.

"మూడన్యావే?" అంది.

"అవును, మూడు."

"రెండే ఉండాయి."

వంగి చూశాను. రెండే ఉన్నాయి. "ఒక్కోదాంట్లో రెండుంటాయి అవ్వా, ఒక్కోదాంట్లో మూడు. అక్క సెప్పింది."

"అట్లయితే అట్లే రాయాల కదా. ఎన్ని పువ్వుల్లో లెక్కపెట్టినావు?"

ఒక్కటి. ఇరవై కొమ్మలు తీసి, నిండుగా విచ్చిన ఒక్క పువ్వులో లెక్కపెట్టాను. అది పై మడత కాక మరేమిటి? తాత మూలన దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. అవ్వ నా కాగితం తెమ్మంది. 3 ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. దాని పక్కన, నా పెన్సిలుతోనే, నాలుక కొస బయటపెట్టి, రెండు గీతలు గీసింది. మా ఇంట్లో ఆమె రాసిన ఒకే ఒక్క రాత అది.

ఇప్పుడు తాతా లేడు, అవ్వా లేదు. నేను ఒక బట్టల మిల్లులో నాణ్యత చూస్తాను. మా దగ్గర పోగులు కెమెరా లెక్కపెడుతుంది. బట్ట కింద పెడితే రెప్పపాటులో అంకె చెబుతుంది, దాంతో ఎవరూ వాదించరు. మొక్కలకు కూడా ఫోనులో అట్లాంటిది వచ్చింది. సున్నం పని అయ్యాక ఆదోని రోడ్డు వైపు నడిచి, గట్టు మీది గలిజేరును ఫోటో తీశాను. ఫోను వరసగా మూడు పేర్లు చెప్పి, ఏదో ఒకటి ఎంచుకోమంది. ఫోను జేబులో పెట్టి, వేలితో పూతకొమ్మ రాశాను. చేయి పట్టుకుంది. ఇత్తడి అద్దం విప్పి, గట్టు ఈ కొసన ఒకటి, మధ్యన ఒకటి, ఆ కొసన ఒకటి, మూడు పువ్వులు చూశాను. రెండు, మూడు, రెండు. పాత కాగితం బయటికి తీసి, అవ్వ గీతల కింద ఆ మూడు అంకెలూ వేసి, మళ్లీ నాలుగు మడతలు పెట్టాను. సంతకం చేయలేదు. ఆ పని అవ్వ గీతలు ముందే చేశాయి.